పసికందు ఊపిరికి మందు

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ డొక్కలు ఎగరేస్తూ మూలగడం మీలో కొందరు చూసే ఉంటారు. ఊపిరితిత్తుల్లోని గాలి గదులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థం ఆ బిడ్డలో చాలదు. ఈ సంగతి 1959లోనే డాక్టర్ మేరీ ఎలెన్ ఏవరీ, జెరే మీడ్ తెలియజేశారు. కాని మందేది? 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ పసిబిడ్డను సైతం బ్రతికించలేకపోయారు.

జపాన్‌లోని అకీటాలో పిల్లల వైద్యుడు టెట్సురో ఫుజివారా ఆవు ఊపిరితిత్తుల నుండి తయారుచేసిన సర్ఫాక్టెంట్‌ను 10 మంది పసికందుల శ్వాసనాళంలో పోసి, ఫలితాలను 1980లో ప్రచురించారు. అప్పటికాయన వృత్తి నడిమధ్యలో ఉన్నారు. కింగ్ ఫైసల్ బహుమతి మాత్రం 1996లో గాని రాలేదు. ఇటువంటివారిని పని మధ్యలో ఉండగానే గుర్తించాలని మా అభిప్రాయం. నేడు మీ బిడ్డకు డాక్టరుగారు గొట్టం ద్వారా పోసే తెల్లని మందు ఆ కోవలోనిదే.