ఒకే పాఠకుడు... మూడు తలలు!

"మీ శీర్షికకి మళ్ళీ మళ్ళీ వచ్చే పాఠకులు లేరు బాబూ! వచ్చినవాళ్ళంతా కొత్త మొహాలే. సంక్రాంతి దాకా రాసి ఆపేద్దాం."

పోయిన నెల ఒక సినిమా వెబ్‌సైట్ ఆఫీసులో పెద్దమనిషి ఒకాయన అన్న మాటలివి. అలనాటి సహాయ నటీనటుల గురించి అక్కడ పదిహేను రోజులకొకసారి రాస్తుంటాను. ఎంతమంది చదివితే అంత పారితోషికం. ఉద్యోగం లేని విలేకరిని... నాకది ఇంటద్దె! "లేరని మీకెలా తెలుసండీ?" అన్నాను. కంప్యూటర్ నా వైపు తిప్పారు. గూగుల్ అనలిటిక్స్ లెక్క. కొత్తవారు ఇంతమంది అని పెద్ద అంకె, తిరిగొచ్చినవారు ఇంతమంది అని చిన్న అంకె.

వొళ్ళు మండింది. మా మేనత్త కొడుకు డల్లాస్‌లో వుంటాడు. ఒక్క భాగం వదలకుండా చదివి ఫోన్ చేసే మనిషి. ఈ లెక్కలో మా బావ ఏమయ్యాడు? ఆ రాత్రి నుంచి ఈ అంకెల గుట్టు పట్టుకు కూర్చున్నాను.

సినిమా హాలు తలచుకుంటే సులువుగా బోధపడుతుంది. ఇంటర్వెల్లో టీ తాగి వచ్చే మనిషిని గేటు కీపరు మొహం చూసి గుర్తుపట్టడు, చేతిలో చీటీ చూస్తాడు. వెబ్‌సైటుకి ఆ కళ్ళు కూడా లేవు! అడిగిన పేజీ ఇస్తుంది, మరుక్షణం మరచిపోతుంది. రెండో పేజీ అడిగింది కూడా మీరేనని దానికి తెలీదు. ఈ మతిమరుపుకి మందు కనిపెట్టినవాడు లూ మాంటుల్లి. 1994లో నెట్‌స్కేప్ కంపెనీ ప్రోగ్రామర్. సైటు ఇచ్చిన చీటీని బ్రౌజరు దాచుకుని, మళ్ళీ వెళ్ళినప్పుడల్లా చూపించే ఏర్పాటు చేశాడు. ప్రోగ్రామర్ల వాడుకలో అప్పటికే వున్న "మ్యాజిక్ కుకీ" అన్న మాట నుంచి దానికి కుకీ అని పేరొచ్చింది. తమాషా ఏమిటంటే, బయటి లోకంలో దాని మొదటి ఉద్యోగమే తలల లెక్క! నెట్‌స్కేప్ సైటుకి వచ్చినవారు ఇదివరకు వచ్చారా లేదా అని చూడటం.

ఇప్పుడు జరిగేదీ అదే. పేజీ తెరుచుకోగానే అందులో దాగిన చిన్న ప్రోగ్రాము "మన చీటీ వుందా?" అని వెతుకుతుంది. లేకపోతే నోటికొచ్చిన అంకె ఒకటి పుట్టించి, మీరు మొదటిసారి వచ్చిన సమయాన్ని దానికి అతికించి, కుకీగా దాచేస్తుంది. గడువు మామూలుగా 2 సంవత్సరాలు. ఇక మీరే పేజీ చూసినా, ఎక్కణ్ణుంచి వచ్చినా, పేజీ 90 శాతం కిందికి జరిపినా ఆ అంకె పేరుమీద గూగుల్‌కి చేరుతుంది. 30 నిమిషాలు వూరుకుంటే ఆట ముగిసినట్టు. బిర్యానీ తినొచ్చి మళ్ళీ చదివితే సెకండ్ షో! మనిషి ఒకడే, ఆటలు రెండు.

కానీ చూశారూ, ఆ చీటీ వుండేది మనిషి చేతిలో కాదు... బ్రౌజరు జేబులో! మర్నాడే వెళ్ళి, ఆ పెద్దమనిషి ఎదుటే నా వ్యాసాన్ని ఫోన్లో ఒకసారి, లాప్‌టాప్‌లో ఒకసారి, అందులోనే ప్రైవేట్ విండోలో ఇంకోసారి తెరిచాను. తెరమీద ముగ్గురు పుట్టారు. రావణాసురుడికి పదయితే నాకు మూడు! మా ఇంట్లో అమ్మా, పిన్నీ, పక్కింటి పిల్లా చదివేది ఒకే టాబ్లెట్లో. వాళ్ళు ముగ్గురూ కలిసి ఒక్కరు.

ఇక మా బావ సంగతి. అతనిది ఐఫోన్. ఆపిల్ వారి సఫారీ బ్రౌజరు 2019 నుంచి, ఇలా పేజీలోని ప్రోగ్రాము పుట్టించిన కుకీని 7 రోజులకి మించి బతకనివ్వదు. నా శీర్షిక పదిహేను రోజులకొకటి. మధ్యలో బావ ఆ సైటు మొహం చూడడు. వచ్చిన ప్రతిసారీ పాత చీటీ చెరిగిపోయి వుంటుంది. నన్ను వదలని పాఠకుణ్ణే లెక్క "కొత్తవాడు" అంటోంది!

ఇది చెబితే పెద్దమనిషి కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "అందరివీ ఐఫోన్లు కావు కదా బాబూ!" అన్నారు. అదీ నిజమే, ఒప్పుకోవాలి.

సఫారీకి అంత కోపం దేనికంటారా? అసలు కోపం ప్రకటనల కంపెనీల మీద. అనలిటిక్స్ చీటీ మామూలుగా ఒక్క హాలుకే చెల్లుతుంది. ప్రకటనలవాళ్ళ మనిషయితే పది హాళ్ళ గేట్ల దగ్గరా నిలబడి ఒకే చీటీ చూస్తాడు. ఒక సైట్లో చెప్పులు చూసి వస్తే, సినిమా వార్తల పక్కన అవే చెప్పులు ప్రత్యక్షం! వాటిని అడ్డుకుంటే, వాళ్ళు హాలువారి చీటీ వేషం కట్టి లోపలికి దూరబోయారు. దాంతో సఫారీ ఆ చీటీల గడువు కూడా కత్తిరించింది. మధ్యన నలిగింది నాబోటివాళ్ళు. క్రోమ్ కూడా బయటివారి కుకీలని ఆపేస్తానని 2020లో ప్రకటించి, వాయిదాలు వేసి వేసి, 2024లో మనసు మార్చుకుంది... రిలీజు డేటు మారి మారి డబ్బాల్లోనే వుండిపోయిన సినిమాలా!

యూరప్‌లో ముందు అడగందే ఇలాంటి చీటీ పెట్టకూడదని చట్టం. బెర్లిన్‌లోనో పారిస్‌లోనో వున్న మనవాళ్ళకి పేజీ తెరవగానే "ఒప్పుకుంటారా?" అని పెట్టె కనబడేది అందుకే. ఒప్పుకోవడం తేలిక చేసి, కాదనడం కష్టం చేశారని ఫ్రాన్స్ అధికారులు 2022 జనవరిలో గూగుల్‌కి 15 కోట్ల యూరోల జరిమానా ప్రకటించారు.

మీకు ఆ పెట్టె కనిపిస్తే "వద్దు" నొక్కండి, ఫర్వాలేదు. నా లెక్కలో ఒక తల తగ్గుతుంది. కుకీలు చెరిపేస్తే మర్నాడు కొత్త పాఠకుడై పుడతారు.

నా శీర్షిక సంగతి ఇంకా తేలలేదు. "పోనీ, వారానికొకటి రాయగలరా?" అని మొన్న ఆ పెద్దమనిషే ఫోన్ చేశారు.

ఆరు రోజులకొకటయితే రాస్తానన్నాను.