తుపాకీలోనూ మన లినక్సే!

ప్రాసెసర్, కెమెరా, స్క్రీన్, వైఫై... అన్నీ ఉన్నాయి, కానీ ఫోన్ కాదు. అమెరికాలోని టెక్సాస్‌కు చెందిన ట్రాకింగ్‌పాయింట్ కంపెనీ 2013లో మార్కెట్లోకి తెచ్చిన స్మార్ట్ రైఫిల్ ఇది. దాని స్కోప్ ఒక చిన్న కంప్యూటర్. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌కి పునాది అయిన లినక్సే అందులోనూ నడుస్తుంది.

స్కోప్‌లో లక్ష్యాన్ని చూసి బటన్ నొక్కితే ట్యాగ్ అవుతుంది. దూరాన్ని లేజర్ కొలుస్తుంది. గాలి వేగం మాత్రం మనమే ఎంటర్ చేయాలి. ట్రిగ్గర్ నొక్కి పట్టుకున్నా వెంటనే పేలదు, గురి సరిగ్గా ట్యాగ్ మీదకు వచ్చాకే తూటా బయటికొస్తుంది. ఏళ్ల తరబడి సాధన చేస్తే గానీ రాని గురిని సాఫ్ట్‌వేర్ చేతిలో పెట్టేస్తుందన్నమాట.

2015లో రూనా సాండ్విక్, మైకేల్ ఆగర్ అనే భద్రతా పరిశోధకుల జంట దీన్ని వైఫై ద్వారా హ్యాక్ చేసి చూపించింది. పాస్‌వర్డ్ మార్చుకునే వీలే లేదు (13 వేల డాలర్ల వస్తువుకి!). లెక్కల్లో బుల్లెట్ బరువు అంకె మార్చారు, అంతే. గురిపెట్టింది ఒక టార్గెట్‌కి, తగిలింది పక్కదానికి. రిమోట్‌గా పేల్చడం మాత్రం కుదరలేదు. ట్రిగ్గర్ వేలితో నొక్కాల్సిందే, అదొక్కటే ఊరట.

మరి లినక్స్ రాసినవాళ్లు దీన్ని ఆపగలరా? లేదు. లినక్స్ కెర్నల్‌ది జీపీఎల్ రెండో వెర్షన్ లైసెన్స్. షరతులు పాటిస్తే ఏ పనికైనా వాడుకోవచ్చు. ఓపెన్ సోర్స్ నిర్వచనంలోని ఆరో షరతు కూడా ఫలానా రంగంలో వాడొద్దు అనకూడదనే చెబుతుంది. కెర్నల్ సోర్స్ కంపెనీ ఇవ్వాల్సిందే, కానీ దానిమీద విడిగా రాసుకున్న సొంత యాప్‌కి ఆ బాధ్యత లేదు. 2019లో కొరలైన్ అడా ఎమ్కీ 'హిప్పోక్రటిక్ లైసెన్స్' తెచ్చారు, మానవహక్కుల ఉల్లంఘనకు కోడ్ వాడొద్దంటూ. ఆరో షరతు ప్రకారం అది ఓపెన్ సోర్సే కాదు.

టెక్సాస్ గొడవ బాన్సువాడలో మనకెందుకంటారా? మా దగ్గర వరికి మందు కొట్టడానికి డ్రోన్లు వస్తున్నాయి. గీసిన దారిలో డ్రోన్‌ని నడిపే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లలో పేరున్నది ఆర్డుపైలట్. ఇంజినీరింగ్ ప్రాజెక్టుల్లో దాన్ని చూసే ఉంటారు. 2025 జూన్ 1న రష్యా వైమానిక స్థావరాలపై ఉక్రెయిన్ దాడి చేసిన డ్రోన్లలోనూ ఇదే ఉందని వార్తలొచ్చాయి. తెలిసి తెలిసి ఆయుధాల తయారీకి సాయపడబోమని ఆర్డుపైలట్ డెవలపర్లు తమ నియమావళిలో రాసుకున్నారు. ఆ నియమం మనుషులకే, కోడ్‌కి కాదు.

అయినా నాకు నచ్చింది ఆ పద్ధతే. యుద్ధానికి దిగిన సైన్యం లైసెన్స్ చదివి ఆగిపోతుందని నేననుకోను. కానీ కదిలే లక్ష్యంపై పేలోడ్ వదిలే ఫీచర్ కావాలని ఎవరైనా గిట్‌హబ్‌లో అడిగితే, ఎందుకని అడగొచ్చు. జవాబు నచ్చకపోతే ఆ కోడ్ రాయకుండా ఉండొచ్చు. దానికి ఏ లైసెన్సూ అడ్డం రాదు.