ప్రత్యేకోపాధ్యాయుని విద్య

నేను కడప జిల్లాలోని యొక పల్లెలో క్రొత్తగా ఉపాధ్యాయుడనైన దినములలో, నా తరగతిలో చివరి వరుసను ఒక బాలుడు కూర్చుండెడివాడు. పేరు పిలిచిన పలుకడు. పద్యము చదువుమన్న ప్రక్కవాని పెదవులవంక చూచును. వాడు మొద్దని నేను నిశ్చయించుకొంటిని. రెండు మూడు మారులు బెత్తమును గూడ నుపయోగించితిని. ఒకనాడు వాని యవ్వ బడికి వచ్చి, “అయ్యవారూ, వానికి చెవులు మందము. ఎదుట నిలబడి చెప్పండి, పట్టుకుంటాడు” అనెను. మరునాడు వానిని ముందు వరుసను కూర్చుండబెట్టి, వాని మొగము చూచుచు పాఠము చెప్పితిని. నెల తిరుగకముందే వాడు ఐదు శతక పద్యములను అప్పగించెను. ఆ బెత్తమును నేను మరల ముట్టలేదు.

పండిత శిక్షణలో నాకు వ్యాకరణము నేర్పిరి, ఛందస్సు నేర్పిరి. చెవి వినలేని బాలునికి పాఠ మెట్లు చెప్పవలెనో ఎవ్వరును నేర్పలేదు. నేర్పదగిన శాస్త్ర మొకటి కలదని కూడ నే నెరుగను. దానినే ప్రత్యేక విద్య యందురు. జాలిగుండె యున్నచో చాలునని పలువురు తలంతురు. జాలి నాకును కొంత యుండెను, తెలివిడి లేకపోయెను.

ఆ శాస్త్ర మెట్టిదో ఒక్క యుదాహరణముచే చూపెదను. 1809లో ఫ్రాన్సు దేశమున లూయీ బ్రెయిల్ జన్మించెను. అతని తండ్రి గుఱ్ఱములకు తోలుసామాను చేయువాడు. మూడేండ్ల ప్రాయమున తండ్రి పనిముట్టుతో ఆడుచుండగా, తోలునకు రంధ్రములు చేయు ఆరె కంటిలో గ్రుచ్చుకొనెను. క్రమముగా రెండు కన్నులును పోయెను. పదునైదేండ్ల వయస్సున, 1824లో, అతడు ఆరు చుక్కల లిపిని కల్పించెను. 1951లో భారతీయ భాషల కన్నిటికిని ఉమ్మడిగా భారతీ బ్రెయిల్ ఏర్పడినది. మన తెలుగును అందులోనే వ్రాయుదురు.

వామనగుంటల పీటను మీ రెరుగుదురు గదా! దానిని నిలువుగా పెట్టి, పైనున్న ఆరు గుంటలను మాత్రము గమనింపుడు. ఎడమవైపు గుంటలకు పైనుండి క్రిందికి 1, 2, 3 అనియు, కుడివైపు వానికి 4, 5, 6 అనియు సంఖ్యలు పెట్టుడు. మొదటి గుంటలో ఒక చింతగింజ వేసిన ‘అ’ యగును. 1, 3 గుంటలలో వేసిన ‘క’. 1, 2, 3 మూడును నిండిన ‘ల’. ఇక ‘కల’ అను మాట వచ్చినది! దానినే ‘కాల’ అని వ్రాయవలెనన్న ‘క’ తరువాత ‘ఆ’ గుర్తును, అనగా 3, 4, 5 చుక్కలను, ఉంచవలెను. మన దీర్ఘము అక్షరమున కంటుకొని యుండును. బ్రెయిలులో అది ప్రక్కన వేరుగా నిలుచును. ఆరు చుక్కలతో ఇట్లు 63 గుర్తులు కలుగును.

చేతితో వ్రాయుట మరియొక వింత. మొనగల సాధనముతో కాగితమును కుడినుండి ఎడమకు గ్రుచ్చవలెను. కాగితమును త్రిప్పిన, పైకి లేచిన చుక్కలు ఎడమనుండి కుడికి వ్రేళ్లకు తగులును. నేను ప్రయత్నించి నా పేరే తప్పు వ్రాసితిని.

బుద్ధివికాసము మందముగా నున్న బిడ్డలకు వేరొక పద్ధతి కలదు. చొక్కా బొత్తాము పెట్టుకొనుట మనకు ఒకే పని. ఉపాధ్యాయుడు దానిని చిన్నచిన్న మెట్లుగా విడదీయును. ఒక్కొక్కప్పుడు చివరి మెట్టునే మొదట నేర్పును. బొత్తామును రంధ్రములో సగము దూర్చి, తక్కిన సగమును లాగుట మాత్రము బిడ్డకు విడుచును. పని పూర్తి చేసితినను సంతోషము మొదటి దినముననే బిడ్డకు దక్కును. ఎంత చక్కని యుపాయమో చూడుడు!

ఈ విద్య నభ్యసింపగోరువారు ఇంటర్మీడియట్ పిమ్మట రెండేండ్ల డిప్లొమాలో గాని, డిగ్రీ పిమ్మట ప్రత్యేక విద్యలో బి.ఇడి.లో గాని చేరవచ్చును. దృష్టి, వినికిడి, బుద్ధివికాసము మొదలగు శాఖలలో ఒకదాని నెన్నుకొనవలెను. సికింద్రాబాదులోని మనోవికాసనగరమున 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ బుద్ధివికాస శాఖకు ప్రసిద్ధమైనది. మన కడప పిల్లలకు రైలులో ఒక రాత్రి ప్రయాణము. చదువు ముగించినవారు 1992 నాటి చట్టముచే ఏర్పడిన భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేయించుకొనవలెను. లేనిచో ఈ వృత్తి చేయుటకు అర్హత లేదు.

2016 నాటి చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. 2022లో కేంద్ర ప్రభుత్వము ఐదవ తరగతి వరకు పదిమంది యట్టి బిడ్డలకును, ఆపైన ఎనిమిది వరకు పదునైదుగురికిని ఒక ప్రత్యేకోపాధ్యాయుడు ఉండవలెనని నిర్ణయించినది. ప్రత్యేక పాఠశాలలు, సాధారణ పాఠశాలలు, మన రాష్ట్రమునందలి భవిత కేంద్రములు వీరు పనిచేయు స్థలములు. ఈ కేంద్రములలో పలువురు ఏండ్ల తరబడి ఒప్పంద పద్ధతిమీదనే పనిచేసిరి. ఇంత కష్టమైన విద్యకు అట్టి కొలువు తగదని నా యభిప్రాయము.

బడికి రాలేని బిడ్డల యిండ్లకు ఉపాధ్యాయులే పోవుదురు. నా యెరుకలోని యొక యుపాధ్యాయిని కర్నూలు జిల్లా కోసిగి ప్రాంతమున అట్లు తిరుగుచున్నది. వాన లేని యేడు అక్కడి కుటుంబములు మిరపకాయలు కోయుటకు గుంటూరు వైపు వలసపోవును. చూపులేని బిడ్డను కొందరు వెంట తీసికొనిపోవుదురు. కొందరు అవ్వయొద్ద విడిచిపోవుదురు. ఒక పాప నట్లు విడిచిపోయిరి. ఆమె ఆ పాప యవ్వను అరుగుమీద కూర్చుండబెట్టి, ఆరు గుంటల బల్లయు గుప్పెడు చింతగింజలును చేతికిచ్చి, ‘అ’ మొదలు ‘ల’ వరకు నేర్పెను. అవ్వకు అక్షరములు రావు. గుంటల లెక్క మాత్రము ఆమెకు చిన్ననాటినుండియు వచ్చును. వారమునకొకమారు ఉపాధ్యాయిని వచ్చునప్పటికి ఆ యిద్దరును అరుగుమీద బల్ల ముందిడుకొని కూర్చుండియుందురు.