ఎర్ర మొక్కకు వెలుతురొక్కటే చాలదు

అక్వేరియంలో చేపలను చూసి మురిసిపోతాం గాని, వాటి మధ్య పెరిగే మొక్కలను అంతగా పట్టించుకోము. చెరువు నుంచి తెచ్చిన హైడ్రిల్లా కొమ్మను తొట్టెలో వేసి చూడండి. ఏ సేవా అడగకుండా పెరిగిపోతుంది. అదే కెంపురంగు ఆకులుండే రొటాలా మాక్రాండ్రాను నాటితే, కొద్ది రోజుల్లోనే ఎరుపు వెలిసిపోవచ్చు. అడుగు ఆకులు ఒక్కొక్కటే కుళ్ళి రాలిపోవచ్చు. తొట్టె ఒకటే, నీళ్ళూ ఒకటే. మరి ఈ తేడా ఎందుకు?

రొటాలా పరాయి దేశపు మొక్క కాదు. దక్షిణ భారతదేశపు తడినేలల్లో పుట్టినదే. మన గోరింట, దానిమ్మ ఏ కుటుంబానికి చెందినవో ఇదీ ఆ కుటుంబానికే చెందినది.

ఎర్ర ఆకులో పత్రహరితం ఉండదా?

తప్పకుండా ఉంటుంది. ఎర్రని వర్ణకం దాన్ని కప్పివేస్తుంది, అంతే. వెలుతురు తగ్గితే ఆ వర్ణకమూ తగ్గి ఆకు పచ్చబడుతుంది. కణుపుల మధ్య దూరం పెరిగి, కాండం సన్నగా పైకి సాగుతుంది. తొట్టె లోతుకు పోయేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. దానికి తోడు పై ఆకుల నీడ. అందుకే ముందుగా రాలేవి అడుగు ఆకులు.

"అయితే పెద్ద దీపం పెడితే సరి!" అంటారా? చిక్కంతా అక్కడే ఉంది.

మేస్త్రీలు, ఇటుకలు

గోడ కడుతున్నారనుకోండి. ఇటుకలు కొద్దిగానే వస్తున్నాయి. మేస్త్రీలను ఇద్దరి నుంచి పదిమందికి పెంచితే గోడ త్వరగా లేస్తుందా? లేవదు. మేస్త్రీలు చేతులు కట్టుకుని కూర్చుంటారు. కిరణజన్య సంయోగక్రియ కూడా ఇంతే. వెలుతురు మేస్త్రీ అయితే కార్బన్ డై ఆక్సైడు ఇటుక. కావలసిన వాటిలో ఏది అతి తక్కువగా ఉందో, అదే మొత్తం పని వేగాన్ని నిర్ణయిస్తుంది. దీనిని 1905లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు బ్లాక్‌మన్ అవధి కారకాల సూత్రంగా చెప్పాడు.

నీటిలో ఈ "ఇటుకలకు" ఎప్పుడూ కరువే. కార్బన్ డై ఆక్సైడు గాలిలో కంటే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. మామూలు గాలి తగిలే లీటరు నీటిలో కరిగి ఉండేది 1 మిల్లీగ్రాము కూడా ఉండదు. హైడ్రిల్లా ఈ కరువును తట్టుకుంటుంది. ఎందుకంటే అది నీటిలోని బైకార్బనేటు నుంచి కూడా కార్బన్‌ను తీసుకోగలదు. మృదుజలంలో పెరిగే మొక్కలు అనేకం ఆ పని చేయలేవు. కరిగిన వాయువే వాటికి దిక్కు.

మొక్క వాడుకోలేని వెలుతురు ఊరికే పోదు. దానిని శైవలాలు, అంటే నాచు, అందుకుంటాయి. వాటి శరీరం అతి చిన్నది కాబట్టి కొద్దిపాటి వాయువూ లవణాలూ వాటికి చాలు. చూస్తుండగానే అద్దాలకూ ఆకులకూ పట్టేస్తాయి.

మీరే చేసి చూడండి

రెండు గాజుగ్లాసుల్లో కాచి చల్లార్చిన నీళ్ళు పోయండి. కాస్తే నీటిలోని వాయువులు పోతాయి. ఒకదానిలో చిటికెడు వంటసోడా కలపండి. రెండింటిలోనూ ఒకే పొడవుగల హైడ్రిల్లా కొమ్మలు వేసి, తెగిన కొస పైకి ఉండేలా ముంచి ఎండలో పెట్టండి. ఐదు నిమిషాలలో ఎన్ని బుడగలు వచ్చాయో లెక్కించండి. తరువాత నీడలో పెట్టి మళ్ళీ లెక్కించండి. ఎండ పెరిగినప్పుడు ఏ గ్లాసులో బుడగలు ఎక్కువ పెరిగాయి? జవాబు పట్టికగా రాసుకోండి.

చేపలను మరువకండి

ఎర్ర మొక్కలు పెంచేవారు సిలిండరు ద్వారా నీటిలోకి కార్బన్ డై ఆక్సైడు పంపుతారు. సాధారణంగా లీటరుకు 30 మిల్లీగ్రాములకు మించనివ్వరు. నత్రజని, పొటాషియం, ఇనుము వంటి పోషకాలూ అందిస్తారు. దీపం రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు.

చీకటి పడ్డాక మొక్క ఆక్సిజన్ విడుదల చేయదు. చేపలాగే తానూ ఆక్సిజన్ పీల్చుకుని కార్బన్ డై ఆక్సైడు వదులుతుంది. అప్పుడు కూడా సిలిండరు తెరిచి ఉంచితే చేపలు ఊపిరాడక చచ్చిపోవచ్చు. కాబట్టి దీపంతోపాటు వాయువూ ఆపాలి. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే వెంటనే వాయువు ఆపి, గాలి పంపు వేయాలి. పంచదార, ఈస్టు కలిపి సీసాలో వాయువు తయారుచేసే పద్ధతీ ఉంది. కాని గట్టిగా మూత బిగించిన సీసా ఒత్తిడికి పగలగలదు. పైగా రాత్రిపూట దానిని ఆపలేము. అందుచేత దాని జోలికి పోకండి.

ఇక మీ తొట్టెలో మొక్క వాడితే, వెంటనే దీపం మార్చకండి. "దీనికి అన్నిటికన్న తక్కువైనది ఏది?" అని ముందు ప్రశ్నించుకోండి. పొలంలో వరి పైరు ఎదగకపోయినా అడగవలసిన ప్రశ్న అదే.