మొటిమకు మూడు నెలల ఓపిక

మొటిమ కంటికి కనిపించే నాటికి దాని కథ సగం నడిచిపోయి ఉంటుంది. ముఖం, ఛాతీ, వీపు మీది రోమకూపాలను ఆనుకుని నూనె గ్రంథులుంటాయి. అవి సీబం అనే జిడ్డును తయారుచేసి చర్మం పైకి పంపుతాయి. యుక్తవయసు మొదలవుతూనే, ఆడపిల్లల్లోనైనా మగపిల్లల్లోనైనా, ఆండ్రోజెన్ హార్మోన్లు పెరిగి ఈ గ్రంథులు పెద్దవవుతాయి, జిడ్డు ఎక్కువవుతుంది. అదే సమయంలో రోమకూపం లోపలి గోడ నుంచి రాలిపోవలసిన మృతకణాలు రాలకుండా ఒకదానికొకటి అతుక్కుని దారి మూసేస్తాయి. లోపల కట్టిన ఈ అడ్డు పొక్కుగా పైకి తేలడానికి వారాలు పడుతుంది. మూత తెరిచి ఉంటే బ్లాక్‌హెడ్, మూసుకుని ఉంటే వైట్‌హెడ్. బ్లాక్‌హెడ్ కొసన ఉండే నలుపు మురికి కాదు. అందులోని మెలనిన్, జిడ్డు గాలి తగిలి మారిన రంగు అది. అందుకే ఎంత తోమినా పోదు. తోమిన కొద్దీ చర్మం ఎర్రబడి మంటపుడుతుందంతే.

మూసుకుపోయిన కూపంలో క్యూటిబ్యాక్టీరియం యాక్నెస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. ఇది అందరి చర్మం మీదా ఉండేదే, ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదు. దాని మీద శరీరం చేసే పోరాటమే ఎర్రదనం, వాపు, చీము. వాపు లోతుకు దిగి కూపం గోడ లోపలే పగిలితే నొప్పి పెట్టే గడ్డలు లేస్తాయి. అవి మానాక గుంటలు మిగులుతాయి. ఇలా జిడ్డు, అడ్డు, బ్యాక్టీరియా, వాపు అనే నాలుగూ కలిస్తేనే మొటిమ. పైపూతల్లో ఒక్కో మందు వీటిలో ఒకటి రెండింటి మీదే పనిచేస్తుంది. ఒకే ట్యూబు అన్నిటికీ చాలకపోవడానికి కారణం ఇదే.

ఇక ఈ నాలుగింటినీ ఎగదోసే అలవాట్లను ఒక ఊరి నుంచి చూద్దాం. తమిళనాడు విరుదునగరం జిల్లాలోని శ్రీవిల్లిపుత్తూరు తెలుగు పాఠకులకు ఆముక్తమాల్యద ఊరు. శ్రీకృష్ణదేవరాయలు తెలుగులో చెప్పిన విష్ణుచిత్తుడి కథ, గోదాదేవి (ఆండాళ్) కథ ఈ ఊరివే. చుట్టుపక్కల నాయుళ్లు, రెడ్లు, రాజపాళయం రాజులు తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారు. మదురై దారిలోని కృష్ణన్‌కోవిల్‌లో 1984లో మొదలైన కలశలింగం కళాశాల ఇప్పుడు విశ్వవిద్యాలయం. ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చిన పిల్లలు అక్కడి హాస్టళ్లలో ఉంటారు. మొటిమలు ఎక్కువగా లేచే వయసు వాళ్లదే. ఈ ప్రాంతంలో మొటిమల మాట వస్తే మూడింటిని పట్టించుకోవాలి: తలకు రాసే నూనె, తినే పాలకోవా, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబు. మూడింటి తప్పూ సమానం కాదు. మొదటిది కొంత, రెండోది ఇంకా కొంచెం, మూడోది చాలా.

నూనె సంగతి ముందు. మగవాళ్లకు శనివారం, ఆడవాళ్లకు శుక్రవారం నువ్వులనూనె తలంటు తమిళనాట పాత ఆచారం. మార్గళి మాసంలో ఆండాళ్ అమ్మవారికి జరిగే నీరాట్ట ఉత్సవంలో ఎణ్ణెయ్‌కాప్పు అని తైల సేవే ప్రత్యేకంగా ఉంది. తలంటి, శీకాయతో నూనె వదిలేలా రుద్ది స్నానం చేస్తే చర్మానికి వచ్చే ముప్పు పెద్దగా లేదు. చిక్కంతా రాత్రి రాసుకుని తెల్లారేదాకా ఉంచుకునే నూనెతో. అది నుదుటి మీదికి, కణతల మీదికి జారి రోమకూపాలను మూస్తుంది. జుట్టుకు రాసే జిడ్డు పదార్థాల వల్ల నుదుటి అంచున బారుగా లేచే మొటిమలను ప్లూయిగ్, ఫుల్టన్, క్లిగ్‌మన్ అనే చర్మవైద్యులు 1970లోనే వివరించారు. నూనె మానక్కర్లేదు. జుట్టు కొసలకు రాసుకుని, గంట రెండు గంటల్లో తలస్నానం చేసి, దిండు గలీబు తరచూ మారిస్తే చాలు. ముఖానికి మాత్రం కొబ్బరినూనె, నువ్వులనూనె రాయకూడదు.

శ్రీవిల్లిపుత్తూరు పాలకోవాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పాలు, చక్కెర కలిపి ఇగిరేదాకా కాచిన తీపి అది. ఆహారానికీ మొటిమలకూ సంబంధం లేదని చర్మవైద్యులు దశాబ్దాల పాటు చెప్పారు. ఆ మాట ఇప్పుడు కొంత మారింది. పపువా న్యూగినీలోని కిటావా దీవిలో 1200 మందిని పరీక్షించిన పరిశోధకులకు ఒక్క మొటిమ కూడా కనబడలేదని 2002లో ప్రచురితమైంది. వాళ్ల తిండి దుంపలు, పండ్లు, చేపలు, కొబ్బరి. చక్కెర, మైదా తగ్గించిన కుర్రాళ్లకు పన్నెండు వారాల్లో మొటిమలు తగ్గాయని 2007లో ఆస్ట్రేలియా అధ్యయనం ఒకటి చూపింది. పాలు ఎక్కువగా తాగేవారిలో మొటిమలు కొంచెం ఎక్కువని కూడా కొన్ని పరిశీలనలు చెబుతున్నాయి, కానీ పాలే కారణమని అవి నిరూపించలేదు. కాబట్టి పండగనాడు తిన్న కోవా ముక్క మీద నేరం మోపడం అన్యాయం. రోజూ తీపి, కూల్‌డ్రింకులు, జిమ్ కుర్రాళ్లు పాలలో కలుపుకునే వే ప్రొటీన్ పొడి, వీటిని రెండు మూడు నెలలు తగ్గించి చూడటం మంచిది. పథ్యం మాత్రమే చేసి మందు మానేయడం మంచిది కాదు.

ట్యూబు వెనుక అక్షరాలు

అసలు నష్టం మూడోదాని దగ్గర ఉంది. మొటిమలకు ఏదైనా ఇమ్మని అడిగితే, లేక రంగు రావడానికని అడిగితే, చేతికి వచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ట్యూబును వెనక్కి తిప్పి చూస్తే సన్నటి అక్షరాల్లో కూర్పు రాసి ఉంటుంది. బీటామెథసోన్, క్లోబెటాసోల్, మోమెటాసోన్, ఫ్లూసినోలోన్ అనే పేర్లలో ఏ ఒక్కటి కనిపించినా అది స్టెరాయిడే. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మోమెటాసోన్ మూడూ కలిసి ఉన్న క్రీము మంగుమచ్చలకు, అదీ డాక్టరు చూపులో, కొద్ది వారాలు వాడవలసినది. దాన్ని నెలల తరబడి ఫెయిర్‌నెస్ క్రీములా రాసుకుంటున్నారు.

స్టెరాయిడ్ రాసిన రెండు మూడు రోజులకే ఎర్రదనం అణిగి ముఖం తేటగా కనిపిస్తుంది. నమ్మకం కుదిరేది అక్కడే. వారాలు గడిచేకొద్దీ చర్మం పలచబడుతుంది, సన్నటి రక్తనాళాలు పైకి తేలతాయి, బుగ్గల మీద నూగు పెరుగుతుంది, ఒకే తీరులో ఉండే కొత్త మొటిమలు గుంపులుగా లేస్తాయి. ఆపిన కొద్ది రోజులకే ముఖం మండుతుంది, ఎండ ఓర్చుకోదు. ఆ మంటకు భయపడి మళ్లీ అదే ట్యూబు తెచ్చుకుంటారు. దేశంలో ఇది ఎంత పెరిగిందంటే, స్టెరాయిడ్ పాడుచేసిన ముఖానికి మన చర్మవైద్యులు ఒక ప్రత్యేకమైన జబ్బుపేరే పెట్టారు. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పైపూతలను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చి, చీటీ లేకుండా అమ్మకూడదంది. నియమం మంచిదే. కౌంటరు దగ్గర అది అమలైతేనే పిల్లల ముఖాలకు మేలు. ఇప్పటికే వాడుతున్నవారు సిగ్గుపడి దాచకుండా ఆ ట్యూబునే డాక్టరుకు చూపాలి. మంట తగ్గించి మాన్పించే పద్ధతులున్నాయి.

ఇంటి చిట్కాల్లో నిమ్మరసం, టూత్‌పేస్టు, వెల్లుల్లి చర్మాన్ని కాల్చి నల్లమచ్చ మిగులుస్తాయి. పసుపు పట్టు అంత హాని చేయదు, కానీ మొటిమను మాన్పే మందూ కాదు. విరుదునగరం జిల్లా ఎండల్లో, చెమటలో మరొక పొరపాటు జరుగుతుంది. నుదుటి మీద, ఛాతీ మీద, వీపు మీద ఒకే సైజులో సన్నగా లేచి బాగా దురద పెట్టే పొక్కులు మొటిమలు కాకపోవచ్చు. మలసీజియా అనే ఫంగస్ వల్ల కూడా అవి వస్తాయి. మొటిమలనుకుని యాంటీబయాటిక్ మింగితే ఇవి ఇంకా పెరుగుతాయి. దురదే గుర్తు, ఎందుకంటే మామూలు మొటిమ నొప్పి పెడుతుంది గానీ అంతగా దురద పెట్టదు.

పనిచేసే మందులు

తేలికపాటి మొటిమలకు రెండు పైపూతలు పునాది. ఒకటి బెంజాయిల్ పెరాక్సైడ్. ఇది బ్యాక్టీరియాను చంపుతుంది, బ్యాక్టీరియా దీనికి అలవాటుపడి లొంగకుండా పోవడం జరగదు. 2.5 శాతం జెల్ దాదాపు 10 శాతం అంత బాగానే పనిచేస్తుంది, మంట తక్కువ. తువ్వాళ్లను, దిండు గలీబులను తెల్లగా వెలిసిపోయేలా చేస్తుంది కనుక పాతవి వాడుకోవాలి. రెండోది అడపలీన్, 0.1 శాతం. ఇది రోమకూపంలో అడ్డు కట్టకుండా చూస్తుంది.

అడపలీన్ రాసే తీరులోనే సగం ఫలితం ఉంది. రాత్రి మెత్తని ఫేస్‌వాష్‌తో కడిగి, తుడిచి, చర్మం పూర్తిగా ఆరాక బఠానీ గింజంత జెల్ తీసుకోవాలి. నుదురు, రెండు బుగ్గలు, ముక్కు, గడ్డం మీద చుక్కలు పెట్టి ముఖమంతా పలచగా పరచాలి. ఉన్న మొటిమ మీద మాత్రమే అద్దితే రాబోయేది ఆగదు. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు చాలు. పొట్టు రేగితే మాయిశ్చరైజర్ ముందు రాసుకోవాలి. మూడో నాలుగో వారంలో మొటిమలు కాస్త పెరిగినట్టు అనిపించవచ్చు. చాలామంది మందు పడలేదనుకుని మానేసేది సరిగ్గా అప్పుడే. తేడా తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. పగలు జిడ్డులేని సన్‌స్క్రీన్ తప్పనిసరి. గర్భిణులు అడపలీన్ వాడకూడదు. వారికి అజిలాయిక్ ఆమ్లం లాంటివి డాక్టరు సూచిస్తారు.

వాపు ఎక్కువైతే డాక్సీసైక్లిన్ మాత్రలు ఇస్తారు, మూడు నాలుగు నెలలకు మించకుండా, పైపూతలతో కలిపే. ఈ మాత్రను అన్నం తిన్నాక గ్లాసెడు నీళ్లతో వేసుకుని, అరగంటైనా పడుకోకూడదు, లేకపోతే అన్నవాహికలో పుండు పడే ప్రమాదముంది. పైపూత క్లిండమైసిన్‌ను ఒంటరిగా వాడటం తప్పు, బ్యాక్టీరియా దానికి త్వరగా అలవాటుపడుతుంది.

పాతికేళ్లు దాటిన ఆడవారికి దవడ అంచున, గడ్డం కింద గడ్డలు లేస్తూ, నెలసరి తప్పుతూ, పైపెదవి మీద నూగు పెరుగుతుంటే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందేమో చూడాలి. అప్పుడు హార్మోన్లకు వైద్యం లేకుండా ముఖం మీద మందు నిలవదు.

లోతైన గడ్డలకు, గుంటలు పడుతున్న ముఖానికి ఐసోట్రెటినోయిన్ ఉంది. అమెరికాలో 1982లో అనుమతి పొందిన ఈ మందు నూనె గ్రంథులనే కుదించేస్తుంది. మొత్తం మోతాదును శరీర బరువును బట్టి కిలోకు 120 నుంచి 150 మిల్లీగ్రాముల దాకా లెక్కగడతారు. 60 కిలోల మనిషికి కనీసం 7200 మిల్లీగ్రాములన్నమాట, రోజుకు 40 చొప్పున ఆరు నెలలు. పెదవులు ఎండటం దాదాపు అందరికీ ఉంటుంది. కాలేయం, కొవ్వుల రక్తపరీక్షలు చేయిస్తారు, మనసు కుంగినట్టుంటే వెంటనే చెప్పాలి. ఈ మందు గర్భస్థ శిశువుకు తీవ్రమైన లోపాలు తెస్తుంది. వాడుతున్నన్నాళ్లూ, ఆపాక నెల వరకూ గర్భం రాకూడదు, ఎవరూ రక్తదానం చేయకూడదు. డాక్సీసైక్లిన్‌తో కలిపి వేసుకోకూడదు. పెళ్లి కుదిరిన అమ్మాయికి ముఖం తేటపడాలని డాక్టరు ప్రమేయం లేకుండా ఇంట్లోవాళ్లే ఈ మాత్రలు తెచ్చివ్వడం ప్రమాదం.

హఠాత్తుగా గడ్డలు పుండ్లుగా మారి జ్వరం, కీళ్లనొప్పులు వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. శ్రీవిల్లిపుత్తూరు వాసులకు 2022 జనవరిలో ప్రారంభమైన విరుదునగరం ప్రభుత్వ వైద్యకళాశాల, మదురై రాజాజీ ఆసుపత్రి ఉన్నాయి.

మొటిమ మానాక మిగిలేవి రెండు రకాలు. మన చామనచాయ చర్మం మీద గోధుమ, నలుపు రంగు మచ్చలే ఎక్కువ. అవి గిల్లకుండా, ఎండ తగలకుండా చూసుకుంటే, అడపలీన్, అజిలాయిక్ ఆమ్లంతో నెలల్లో చాలావరకు వెలిసిపోతాయి. గుంటలు క్రీములకు లొంగవు. లోతును బట్టి సూదులతో చేసే మైక్రోనీడ్లింగ్, గుంట అడుగు పోగులను తెంచే సబ్‌సిషన్, లేజర్ అవసరమవుతాయి. మన రంగు చర్మం మీద లేజర్ ఎక్కువైతే కొత్త నలుపు తెస్తుంది కనుక తక్కువ శక్తితో, ఎక్కువ విడతల్లో చేస్తారు. కొత్త మొటిమలు రావడం ఆగాకే గుంటల పని మొదలుపెడతారు. ముఖం తేటపడ్డాక కూడా అడపలీన్‌ను రాత్రిపూట ఇంకా కొన్ని నెలలు కొనసాగిస్తారు, ఎందుకంటే కంటికి కనపడని అడ్డు అప్పటికీ లోపల కడుతూనే ఉంటుంది.