మోటారుకారుకు గాలి యెక్కువైనప్పుడు

కారు నడుపు స్త్రీలు నేడు పట్టణములందేగాక పల్లెలందును గానవచ్చుచున్నారు. ఐనను బండి మొరాయించినప్పుడు మెకానిక్కు చెప్పినదే వేదవాక్యముగా నెంచి, యడిగినంత సొమ్ము చెల్లించి వచ్చువారే పెక్కండ్రు. అట్టి వృథావ్యయమునకు తరచుగా కారణమగు జబ్బు నొకదానిని గూర్చి యిచట వ్రాయదలచితిమి.

ఇంజనులో పెట్రోలు గాలితో గలిసి మండును. ఒక కిలో పెట్రోలు చక్కగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలయును. గాలి యింతకు మించినను, పెట్రోలు తగ్గినను మిశ్రమము పలుచనగును. వంటింటి గ్యాసుపొయ్యిని జూచిన నీ సంగతి తేటపడును. గాలి చాలనిచో మంట పసుపువన్నెకు దిరిగి గిన్నె యడుగున మసి పట్టును. గాలి మితిమీరినచో మంట బర్నరును వదలి పైకి లేచి, చప్పుడు చేయుచు ఆరిపోజూచును. ఇంజను లోపలను నించుమించుగా నిట్లే జరుగును.

బండి నిలిచియున్నప్పుడు ఇంజను నిలుకడగా నాడకుండుట, యాక్సిలరేటరు త్రొక్కగనే క్షణకాలము వెనుకాడుట, మిట్ట యెక్కునప్పుడు బలము చాలకపోవుట, ఒక్కొక్కప్పుడు గాలి పీల్చు గొట్టమున టప్పుమని పేలుట దీని గుర్తులు. స్పార్కుప్లగ్గు కొన లేతగోధుమవన్నె నుండుటకు మారుగా సున్నము పూసినట్లు తెల్లనై యుండును. పెట్రోలు తక్కువ పోవుచున్నది గదా, మంచిదేయని సంతసించువారును గలరు. ఆ సంతోషము నిలువదు. మంట సరిగా అంటుకొననప్పుడు కాలని పెట్రోలు పొగగొట్టములోనికి బోయి, అచటి క్యాటలిటిక్ కన్వర్టరును మితిమీరి కాచి చెఱచును. ఆ భాగము ఖరీదు మిక్కిలి యెక్కువ.

ఇంధనము చాలక నిలిచిన బండికి నడిదారిలో చికిత్స చేసిన యిల్లాలొకతె చరిత్రలో గలదు. 1888 ఆగస్టులో జర్మనీదేశమున బెర్తా బెంజి, తన భర్త కార్ల్ బెంజి నిర్మించిన మూడుచక్రముల బండిపై, ఇద్దరు కుమారులతో మన్‌హైము నుండి తన పుట్టినయూరగు ఫోర్ట్స్‌హైమునకు బయలుదేరెను. నూరు కిలోమీటర్లకు మించిన దూరము. త్రోవలో ఇంధనపు గొట్టము పూడుకొనగా నామె టోపీకి గ్రుచ్చుకొను సూదితో బొడిచి దానిని శుభ్రపఱచెను. ఇంధనమును విస్లోక్ గ్రామపు మందుల దుకాణములో గొనెను. గొట్టము పూడుటయు, పలుచని మిశ్రమమునకు నేటికిని ఒక కారణమే.

ఇప్పటి బండ్లలో పెట్రోలును ఇంజెక్టర్లు చిమ్మును. పొగలో మిగిలిన ఆమ్లజనిని కనిపెట్టు సెన్సరొకటి గలదు. ఇది మొదట 1976లో వోల్వో కార్లలో వచ్చినది. ఆమ్లజని యెక్కువగా నున్నదని యది తెలుపగనే బండిలోని కంప్యూటరు పెట్రోలును పెంచును. ఎంత పెంచినను చాలక, ఆ పెంపు సుమారు నాలుగవవంతు వఱకు బోయినప్పుడు ఇంజను దీపము వెలుగును. స్కానరు తగిలించినచో పి 0171 అను సంఖ్య తఱచుగా కనబడును.

సొమ్ము వృథాయగుట యిక్కడనే. ఈ సంఖ్యను జూడగనే సెన్సరు చెడినదని దానిని మార్చు మెకానిక్కులు గలరు. జ్వరము చూపినదని థర్మామీటరును పారవేయుదుమా? సెన్సరు చెడుట యసంభవము కాదుగాని, మొదట చూడదగినది అది కాదు.

స్కానరులో ఫ్యూయల్ ట్రిమ్ అను అంకె యుండును. కంప్యూటరు నూటికెంత పెట్రోలు పెంచుచున్నదో యది చూపును. దానిని ఇంజను నెమ్మదిగా దిరుగుచుండగా నొకమారు, నిమిషమునకు 2500 చుట్లు దిరుగుచుండగా మఱియొకమారు చూపుమని యడుగుడు. నెమ్మదిలో హెచ్చుగా నుండి వేగములో తగ్గినచో, ఎక్కడనో చిల్లిగుండ గాలి చొచ్చుచున్నదని తలపవలెను. నెమ్మదిలో ఇంజను పీల్చు గాలి కొంచెము గనుక చిల్లిగాలి పాలు హెచ్చు. వేగములో ఆ పాలు లెక్కకురాదు. నెమ్మదిలో బాగుండి వేగములో పెరిగినచో పెట్రోలు చాలుట లేదు. అప్పుడు ఫిల్టరు, పంపు, ఇంజెక్టర్లు చూడవలెను. గాలిని కొలుచు సెన్సరుపై దుమ్ము పట్టినను గాలి లెక్క తగ్గి యిట్లే యగును. దానికై యమ్ము ద్రవముతో కడిగిన చాలును.

చిల్లిగాలిని కొంతవఱకు మనమే కనిపెట్టవచ్చును. ఇంజను ఆపి చల్లారిన పిమ్మట నూనె పోయు మూత బిగియున్నదా, నూనె కొలుచు కడ్డీ లోనికి దిగియున్నదా, ఎయిర్‌ఫిల్టరు పెట్టె కొక్కెములు పడినవా చూడుడు. క్రొత్తగా సర్వీసు చేయించిన బండిలో కడపటిది మఱచుట కలదు. పిదప రబ్బరు గొట్టముల వంపులను వ్రేళ్లతో వంచి బీటలు వెదకుడు. మన యెండలకును ఇంజను వేడికిని రబ్బరు పెళుసుబాఱును. కొందఱు నడుచుచున్న ఇంజనుపై మండెడి ద్రవమును చిమ్మి చిల్లి వెదకుదురు. అది యింటివద్ద చేయదగినది కాదు, నిప్పంటుకొనును. పనివారివద్ద గొట్టములలోనికి పొగ నెక్కించి, యది బయటికి వచ్చుచోటును జూచు యంత్రముండును. అదియే మేలు.

పాత అంబాసిడరును, ప్రీమియర్ పద్మినిని నేటికిని ముద్దుగా దాచుకొన్న యిండ్లకు వేఱొక చిక్కు వచ్చినది. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో ఇథనాలు నూటికి ఇరువది పాళ్లకు జేరెను. ఇథనాలులో ఆమ్లజని ముందే యున్నందున దానికి తొమ్మిదింతల గాలియే చాలును. కావున పూర్వము పెట్రోలునకై కుదిర్చిన కార్బురేటరులో ఈ క్రొత్త యింధనము పలుచబడును. సెన్సరులేని బండి తనంతట సవరించుకొనలేదు. నెమ్మదిలో తడబడునప్పుడు మిశ్రమపు మరను కొంచెము త్రిప్పిన సరిపోవును; పరుగులో బలము చాలనప్పుడు మెయిన్ జెట్టును ఒక అంచె పెద్దది వేయింపవలెను. మర నెటు త్రిప్పిన పెట్రోలు పెరుగునో కార్బురేటరును బట్టి మాఱును గనుక చేయి తిరిగిన పనివానికే విడుచుట మంచిది. అతని చేతనే పాత రబ్బరు పెట్రోలు గొట్టములను గూడ ఇథనాలునకు తట్టుకొనువానిగా మార్పించుకొనుడు.