బొమ్మ ఎక్కడ ఆగింది?

తెనాలి, బాపట్ల, రేపల్లె ఇళ్లలో బీరువా అడుగు అరలు వెతికితే ఇప్పటికీ డీవీడీలు దొరుకుతాయి. 2000 తర్వాత కొన్నేళ్లపాటు జరిగిన పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, షష్టిపూర్తులు చాలావరకు వాటిలోనే ఉన్నాయి. ఎప్పుడో ఒక పండక్కి చుట్టాలంతా చేరినప్పుడు ఆ డిస్కు తీస్తారు. పాత డబ్బా టీవీలో బొమ్మ రాదు. "ప్లేయర్ పోయింది, పారెయ్యండి" అంటారు ఎవరో ఒకరు. ఆ మాట నన్ను బాధపెడుతుంది. డిస్కు నుంచి తెర దాకా బొమ్మ నడిచే దారి పొడవైనది. అది ఏ మలుపులో ఆగిందో కాస్త ఓపిక ఉంటే ఇంట్లోనే తెలుస్తుంది.

దారి మొదలయ్యేది లేజర్ దగ్గర. ఎలక్ట్రానిక్స్ కంపెనీలు 1995 చివర్లో డీవీడీ మీద ఒప్పందానికి వచ్చాయి. 1996 నవంబరులో జపాన్‌లో మొదటి ప్లేయర్లు అమ్మకానికి వచ్చాయి. డిస్కు సైజు సీడీదే, 12 సెంటీమీటర్లు. మారింది లోపలి గాడి. సీడీలో ఒక వరుసకీ పక్క వరుసకీ ఎడం 1.6 మైక్రోమీటర్లు, డీవీడీలో 0.74. అంత ఇరుకు వరుసను చదవాలంటే కాంతి తరంగం కూడా పొట్టిది కావాలి. అందుకే సీడీకి 780 నానోమీటర్ల పరారుణ కాంతి, డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్ర కాంతి. ఒక పొరలో 4.7 గిగాబైట్లు పట్టడానికి ముఖ్య కారణం ఇదే.

ప్లేయర్ సీడీలనూ చదవాలి కనుక ఆ రెండు కాంతులూ దానిలో ఉంటాయి. ఈ సంగతి మనకు పనికొస్తుంది. పాటల సీడీ చక్కగా పాడుతూ, ఏ డీవీడీ వేసినా "నో డిస్క్" అని వస్తుంటే ఎర్ర లేజర్ నీరసించిందని అనుమానించాలి. రిపేరు షాపులో "లెన్స్ పోయింది" అనేది ఎక్కువగా ఇలాంటప్పుడే. టీవీని తప్పుపట్టి లాభం లేదు.

అసలు అద్భుతం ఆ తర్వాత జరుగుతుంది. డిస్కులో ఉన్నవి అంకెలు. పాత టీవీకి అంకెలు తెలియవు, దానికి కావలసింది ఎగసి పడే వోల్టేజి. 1960ల్లో జర్మనీలో టెలిఫంకెన్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ బ్రూక్ రూపొందించిన పాల్ పద్ధతినే మన దేశం 1982లో కలర్ ప్రసారాలు మొదలుపెట్టినప్పుడు తీసుకుంది. బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు, రంగుకు 4.43 మెగాహెర్ట్జ్ తరంగం. ప్లేయర్ తన అంకెలన్నిటినీ ఈ పాత కొలతల్లోకి మార్చి, సుమారు ఒక వోల్టు ఎత్తున్న ఒకే సంకేతంగా పసుపు పిన్ను గుండా పంపుతుంది. కొత్త యంత్రం పాతదాని కొలతకు ఇంత శ్రద్ధగా ఒదిగిన సందర్భాలు నాకు ఎక్కువ తెలియవు.

వెతుకులాట ఇలా మొదలుపెట్టాలి. డిస్కు వేయకుండా ప్లేయర్ ఆన్ చేసి, టీవీని ఏవీలో పెట్టండి. ప్లేయర్ కంపెనీ పేరు తెర మీదికి వచ్చిందా? వస్తే వైరూ టీవీ రెండూ బాగున్నట్టే, ఇక చూడాల్సింది డిస్కునూ లెన్సునూ. రాకపోతే పసుపు పిన్ను తీసి, ప్లేయర్‌లోనూ టీవీలోనూ దాని చోట శబ్దానికి వాడే తెల్ల వైరు పెట్టి చూడండి. రంగులు మన గుర్తు కోసమే, గజం పొడవు వైరులో బొమ్మ దేనిలోంచైనా వస్తుంది. తెల్ల వైరుతో వచ్చిందంటే పసుపు వైరు లోపల తెగింది. సూర్యలంక సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇంకొకటి కూడా చూడాలి: ఉప్పు తేమకు పిన్నులు నల్లబడతాయి. ప్లేయర్, టీవీ రెండూ ఆఫ్ చేసి, పొడిగుడ్డతో తుడిచి, గుచ్చి నాలుగుసార్లు తిప్పితే చాలాసార్లు సరిపోతుంది. టీవీ వెనక మూత మాత్రం తీయొద్దు. కలర్ పిక్చర్ ట్యూబుకు ఇరవై వేల వోల్టులకు పైగా అందుతాయి. ప్లగ్గు పీకేసినా ఆ విద్యుత్తు కొంతసేపు అందులో నిలిచి ఉంటుంది.

బొమ్మ వచ్చి రంగు రాకపోతే కథ వేరు. ముందు ఆ సినిమాలో రంగు ఉందో లేదో చూసుకోవాలి. తెనాలి చక్రపాణి, నాగిరెడ్డి నిర్మించిన 'మాయాబజార్' 1957లో నలుపు తెలుపు చిత్రం, రంగులద్దిన ప్రతి 2010లో గానీ రాలేదు. సినిమా రంగులదే అయితే రెండు అనుమానాలు. పసుపు పిన్నును ప్లేయర్‌లోనో టీవీలోనో ఆకుపచ్చ రంధ్రంలో గుచ్చి ఉండవచ్చు, అందులో నడిచేది వెలుగునీడల సంకేతమే. లేదా అది అమెరికా నుంచి ఎవరో పంపిన డిస్కు అయి ఉండవచ్చు. అక్కడి ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో రంగు తరంగం 3.58 మెగాహెర్ట్జ్. తనకు తెలిసిన తరంగం దొరక్క పాత టీవీ రంగునే ఆపేస్తుంది, ఒక్కోసారి బొమ్మ పైకీ కిందికీ దొర్లుతుంది కూడా. ప్లేయర్ సెటప్‌లో టీవీ సిస్టమ్‌ను "పాల్" చేస్తే మార్పిడి పని ప్లేయర్ చూసుకుంటుంది.

అదే సెటప్‌లో తెర ఆకారం కూడా ఉంటుంది. తెనాలి పక్క బుర్రిపాలెంలో పుట్టిన కృష్ణ నటించిన 'అల్లూరి సీతారామరాజు' (1974) తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. అలాంటి వెడల్పు బొమ్మ పాత టీవీ తెర మీద సరిగ్గా అమరితే ఎత్తులో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే నింపుతుంది, పైనా కిందా నల్ల పట్టీలుంటాయి. సెటప్ 16:9లో ఉంటే వైడ్‌స్క్రీన్ డిస్కుల్లో మనుషులు నిలువుగా సాగిపోతారు. "4:3 లెటర్‌బాక్స్" పెట్టండి. పట్టీలు చూసి విసుక్కోవద్దు, దర్శకుడు తీసిన పూర్తి దృశ్యం వాటి మధ్యనే ఉంది.

పాటలు బాగా వినిపించి మాటలు లోతుగా ఉంటే ఆడియోలో "డౌన్‌మిక్స్"ను స్టీరియో చేయాలి. ఆరు స్పీకర్లకు పంచిన శబ్దంలో మాటలు ఎక్కువగా మధ్య స్పీకరు వాటా. ఆ స్పీకరు మన ఇంట్లో లేదు.

ఇక పెళ్లి డిస్కు. సినిమా డిస్కుల్లో గుంటలు అచ్చుపోసి ఉంటాయి. స్టూడియోవాళ్లు రాసి ఇచ్చిన డిస్కులో సమాచారమంతా ఒక రసాయన పొర మీద లేజర్ వేసిన మచ్చలే. ఎండా వేడీ ఆ పొరను పాడుచేస్తాయి. లెన్స్ నీరసించినప్పుడు ముందుగా మొరాయించేవి కూడా తరచు ఇవే. కనుక అది ఆడిన రోజే కంప్యూటర్‌లో పెట్టండి. వీడియో_టీఎస్ అనే ఫోల్డరు కనిపిస్తుంది. దాన్ని ఏమీ మార్చకుండా ఉన్నదున్నట్టు రెండు చోట్ల కాపీ చేసుకోండి. ఒక పొర డిస్కు ఎంత నిండుగా ఉన్నా 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది.